ఇంగ్లీషులో క్రియ నామవాచకంగా నిలబడేదెప్పుడు? “ఇంగ్” పెట్టాలా, “టు” పెట్టాలా?

ప్రశ్న: పలక_బలపం

పదో తరగతి, ఇంటర్ పిల్లలకు జెరండ్, ఇన్ఫినిటివ్ (“టు”తో వచ్చే క్రియారూపం) పాఠం కోసం నోట్సు రాస్తున్నాను. “క్రియకు ఇంగ్ చేరిస్తే జెరండ్, అది నామవాచకంలా పనిచేస్తుంది” అని గైడ్లు ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. ఆ ముక్క పట్టుకుని ముందుకు వెళ్తే నాలుగు చోట్ల దారి మూసుకుపోతోంది.

మొదటిది: “హి ఈజ్ స్విమ్మింగ్”, “స్విమ్మింగ్ ఈజ్ గుడ్ ఎక్సర్‌సైజ్”, “ఎ స్విమ్మింగ్ ఫిష్”, “ఎ స్విమ్మింగ్ పూల్”. నాలుగింటిలోనూ మాట ఒకటే. వీటిలో నామవాచకం ఏదో పిల్లలు తమంతట తాము తేల్చుకునే పద్ధతి ఏమిటి?

రెండోది: “ఐ ఎంజాయ్ రీడింగ్” ఒప్పు, “ఐ ఎంజాయ్ టు రీడ్” తప్పు. “ఐ వాంట్ టు రీడ్” ఒప్పు, “ఐ వాంట్ రీడింగ్” తప్పు. పట్టిక బట్టీ పట్టించడం తప్ప మరో దారి లేదా?

మూడోది: “టు” తర్వాత క్రియ మూలరూపమే వస్తుందని మేమే చెబుతాం. మరి “ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ” ఎందుకు తప్పు?

నాలుగోది: “స్టాప్డ్ స్మోకింగ్”, “స్టాప్డ్ టు స్మోక్” రెండూ ఒప్పే అంటారు, అర్థాలు వేరంటారు. ఆ తేడా ఎక్కడినుంచి వస్తోంది?

ఉదాహరణలన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను, మీరూ అలాగే రాయండి.

కర్తాకర్మ

మొదటి ప్రశ్నకు జవాబు మీ ప్రశ్నలోనే ఉందండి. ఆ నాలుగు వాక్యాలనూ తెలుగులో చెప్పి చూడండి. అతను ఈదుతున్నాడు. ఈదడం మంచి వ్యాయామం. ఈదే చేప. ఈతకొలను. ఇంగ్లీషు ఒకే రూపంతో నెట్టుకొచ్చే చోట తెలుగు నాలుగు వేర్వేరు రూపాలు వాడుతుంది. తెలుగు పిల్లలకు ఇది పుట్టుకతో వచ్చిన పరికరం. మనం దాన్ని పక్కన పెట్టి ఇంగ్లీషు నిర్వచనాలతో కుస్తీ పడతాం. తెలుగులో “-డం” వస్తే జెరండ్, “-తున్నాడు, -తోంది” వస్తే మామూలు క్రియ, “-తున్న, -ఏ” వచ్చి పక్కన నామవాచకం ఉంటే పార్టిసిపుల్, అంటే విశేషణంలా పనిచేసే రూపం. చాలా వాక్యాలు ఇక్కడికే తేలిపోతాయి.

తెలుగు సాయం లేకుండా ఇంగ్లీషులోనే పరీక్షించాలంటే ఆ ముక్క మొత్తాన్ని తీసేసి “ఇట్” పెట్టండి. “స్విమ్మింగ్ ఈజ్ గుడ్ ఎక్సర్‌సైజ్” కాస్తా “ఇట్ ఈజ్ గుడ్ ఎక్సర్‌సైజ్” అవుతుంది, వాక్యం నిలబడింది. “హి ఈజ్ స్విమ్మింగ్”లో పెడితే “హి ఈజ్ ఇట్” అవుతుంది, కూలిపోయింది. పిల్లలు తడబడేది “హిజ్ హాబీ ఈజ్ స్విమ్మింగ్” దగ్గర. “ఈజ్” తర్వాత “ఇంగ్” కనిపించగానే ప్రెజెంట్ కంటిన్యూయస్ అని రాసేస్తారు. అక్కడ వాక్యాన్ని తిరగేయమనండి: “స్విమ్మింగ్ ఈజ్ హిజ్ హాబీ”. తిరగబడిందంటే నామవాచకమే. “స్విమ్మింగ్ ఈజ్ హి” అని ఎవరూ అనరు.

నామవాచకం కూర్చునే చోట్లు నాలుగు: కర్త స్థానం, కర్మ స్థానం, “ఈజ్” లాంటి క్రియ తర్వాత పూరకంగా, ప్రిపోజిషన్ తర్వాత. ఈ నాలుగోదాని మీద ఎక్కువ సమయం పెట్టండి. “గుడ్ ఎట్ డ్రాయింగ్”, “వితౌట్ నాకింగ్”, “బిఫోర్ ఈటింగ్”. ప్రిపోజిషన్ వెనక క్రియ వస్తే అది “ఇంగ్” వేసుకునే వస్తుంది. “నో చాయిస్ బట్ టు వెయిట్” లాంటి ఒకటి రెండు పలుకుబడులు తప్ప దీనికి సడలింపు లేదు.

ఇక గైడ్లు వదిలేసే అసలు సంగతి. జెరండ్ బయటికి నామవాచకం, లోపల మాత్రం ఇంకా క్రియే. “రీడింగ్ ఓల్డ్ లెటర్స్ స్లోలీ టేక్స్ టైమ్” చూడండి. “ఓల్డ్ లెటర్స్” అనే కర్మను “ఆఫ్” లేకుండా నేరుగా తీసుకుంది. “స్లోలీ” అనే క్రియావిశేషణాన్నీ ఉంచుకుంది. అంత మూటా కలిసి “టేక్స్”కి కర్త అయింది. తెలుగు “-డం” అచ్చం ఇలాగే నడుస్తుంది: “పాత ఉత్తరాలను నెమ్మదిగా చదవడం”. లోపల “-ను” విభక్తి, “-గా” చేరిన క్రియావిశేషణం. బయట “చదవడానికి, చదవడంలో, చదవడంతో” అంటూ నామవాచకంలా విభక్తులు తగిలించుకుంటుంది.

దీనికి పక్కనే పూర్తిగా నామవాచకమైపోయిన రూపం ఒకటుంది: “ద స్లో రీడింగ్ ఆఫ్ ఓల్డ్ లెటర్స్”. ఇక్కడ క్రియ లక్షణం పోయింది. “స్లోలీ” కాదు, “స్లో”. కర్మ ముందు “ఆఫ్” కావాలి. తెలుగులో “నడవడం”, “నడక” మధ్య ఉన్న తేడాయే ఇది. “వేగంగా నడవడం” అంటాం, “వేగమైన నడక” అంటాం; “వేగంగా నడక” అంటే చెవికి కుంటుతుంది. బిల్డింగ్స్, పెయింటింగ్స్, మీటింగ్స్, సేవింగ్స్ అన్నీ ఈ రెండో జాతివి. బహువచనం వచ్చిందంటే అది జెరండ్ కాదు, మామూలు నామవాచకం.

పిల్లలు చేసే తప్పు ఈ రెంటినీ కలిపేయడం: “ద రీడింగ్ లెటర్స్”, “బై రీడింగ్ ఆఫ్ లెటర్స్”. “ద”, “ఆఫ్” జంటగా ఉండాలి, లేదా రెండూ పోవాలి అని చెప్పండి. బడిలో రాసే వాక్యాలకు ఆ సూత్రం చాలు.

ఒక్క “ఇంగ్” మూట కర్త అయితే క్రియ ఏకవచనమే. “రీడింగ్ నావెల్స్ ఈజ్ మై హాబీ”. పక్కనున్న “నావెల్స్” చూసి “ఆర్” పెట్టేస్తారు. చదవడం ఒక్కటే, నవలలు ఎన్ని ఉన్నా సరే.

ధ్వనిగీత

కర్తాకర్మ గారు స్విమ్మింగ్ పూల్ దగ్గర ఆగలేదు, అది అందుకుంటాను.

“స్విమ్మింగ్ ఫిష్” అంటే “ఎ ఫిష్ దట్ ఈజ్ స్విమ్మింగ్”. “స్విమ్మింగ్ పూల్” అంటే “ఎ పూల్ ఫర్ స్విమ్మింగ్”, కొలను ఈదదు. “దట్ ఈజ్”గా విప్పగలిగితే పార్టిసిపుల్, “ఫర్”గా విప్పగలిగితే జెరండ్. స్లీపింగ్ చైల్డ్, స్లీపింగ్ బ్యాగ్. బాయిలింగ్ వాటర్, బాయిలింగ్ పాయింట్. రన్నింగ్ వాటర్, డ్రింకింగ్ వాటర్. ఇలా జంటలుగా బోర్డు మీద రాస్తే పది నిమిషాల్లో ఎక్కుతుంది. వాకింగ్ స్టిక్, ఫ్రయింగ్ పాన్, వాషింగ్ మెషీన్, వెయిటింగ్ లిస్ట్, డైనింగ్ టేబుల్ అన్నీ “ఫర్” జాతివే. మన ఇళ్ళల్లో రోజూ వినబడే మాటలు కాబట్టి ఉదాహరణల కోసం వెతుక్కోనక్కర్లేదు.

చెవికి తెలిసే తేడా కూడా ఉంది. జెరండ్ సమాసంలో ఊనిక మొదటి మాట మీద పడుతుంది: స్విమ్మింగ్ పూల్, స్లీపింగ్ బ్యాగ్. పార్టిసిపుల్ అయితే రెండో మాట కూడా గట్టిగా పలుకుతుంది: స్లీపింగ్ చైల్డ్. “డాన్సింగ్ టీచర్” అన్న మాటలో ఊనిక మొదట ఉంటే నాట్యం నేర్పే టీచరు, చివర ఉంటే నాట్యం చేస్తున్న టీచరు.

“ఫ్లయింగ్ ప్లేన్స్ కెన్ బి డేంజరస్” అన్న వాక్యాన్ని భాషాశాస్త్రం పాఠాల్లో తరచూ చూపిస్తారు. విమానాలు నడపడం ప్రమాదమా, ఎగిరే విమానాలు ప్రమాదమా? “కెన్ బి” వల్ల తెలియదు. “ఈజ్” పెడితే నడపడం, “ఆర్” పెడితే విమానాలు. ఏకవచన సూత్రానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడదు.

ఈ గందరగోళానికి కారణం చరిత్రలో ఉంది. పాత ఇంగ్లీషులో ఇవి రెండు వేరు వేరు ప్రత్యయాలు. క్రియ నుంచి నామవాచకం చేయడానికి “-ఉంగ్, -ఇంగ్”, పార్టిసిపుల్‌కు “-ఎండె”. మధ్యయుగపు ఇంగ్లీషులో రెండోది మారుతూ వచ్చి “-ఇంగ్”లో కలిసిపోయింది. జర్మన్ భాష నేటికీ వాటిని విడివిడిగానే ఉంచుకుంది. అంటే ఒకే రూపం రెండు పనులు చేయడం కాదు, రెండు రూపాలు ఒకే వేషంలోకి వచ్చాయి. ఆ సరిహద్దు అన్నిచోట్లా స్పష్టంగా ఉండదనే 2002లో భాషావేత్తలు హడిల్‌స్టన్, పుల్లమ్ తమ వ్యాకరణంలో జెరండ్, పార్టిసిపుల్ విభజన మానేసి రెంటికీ కలిపి “జెరండ్-పార్టిసిపుల్” అని ఒకటే పేరు పెట్టారు. బడి పరీక్షలో మాత్రం పాత పేర్లే రాయించండి, మార్కులు వాటికే.

మూలరూపం

రెండో ప్రశ్నకు వస్తాను. పట్టిక మొత్తం తప్పించలేం, కానీ దాని బరువు బాగా తగ్గించవచ్చు. చెప్పదలచిన వాక్యాన్ని ముందు తెలుగులో అనుకుని, లోపలి క్రియ తోక ఎలా ఉందో చూడాలి.

తోక “-ఆలని”, “-తానని”, “-నని” అయి, పని ఇంకా జరగనిదైతే ఇంగ్లీషులో “టు”. చదవాలని ఉంది: “వాంట్ టు రీడ్”. వెళ్ళాలని నిర్ణయించుకుంది: “డిసైడెడ్ టు గో”. తెస్తానని మాట ఇచ్చాడు: “ప్రామిస్డ్ టు బ్రింగ్”. రానన్నాడు: “రెఫ్యూజ్డ్ టు కమ్”. గెలుస్తామని ఆశ: “హోప్ టు విన్”. పాత తెలుగులో ఈ చోట తుమున్నర్థకమే, అంటే మన ఇన్ఫినిటివ్ రూపమే, ఉండేది. “చూడగోరెను” అన్నది “వాంటెడ్ టు సీ”కి మాటకు మాట సరిపోతుంది. “చెప్పబోయాడు”, “చెప్పసాగాడు”లో ఆ రూపం ఇప్పటికీ బతికే ఉంది.

తోక “-డానికి” అయినా “టు”నే. రావడానికి ఒప్పుకున్నాడు: “అగ్రీడ్ టు కమ్”. పుస్తకాలు కొనడానికి వచ్చాను: “కేమ్ టు బై బుక్స్”. మనవాళ్ళు ఎక్కువగా జారేది ఇక్కడే. “-కి” కనబడగానే “ఫర్” తగిలించి “కేమ్ ఫర్ బయింగ్ బుక్స్” అంటారు. ఎవరైనా ఎందుకు వచ్చారో, ఎందుకు చేశారో చెప్పేటప్పుడు “ఫర్” వద్దు. ఒక వస్తువు దేనికి పనికొస్తుందో చెప్పేటప్పుడు “ఫర్ కటింగ్ వెజిటబుల్స్” సరే, అది కత్తి గురించి కాబట్టి. తోక “-నందుకు” అయితే “ఫర్” కచ్చితంగా కావాలి: సాయం చేసినందుకు థాంక్స్, “థాంక్యూ ఫర్ హెల్పింగ్ మి”. చేయడానికి అంటే “టు”, చేసినందుకు అంటే “ఫర్”తో “ఇంగ్”. ఈ ఒక్కటి నేర్పినా చాలా వాక్యాలు బాగుపడతాయి.

తోక ఒట్టి “-డం” అయితే “ఇంగ్”. తాగడం మానేశాడు: “గేవ్ అప్ డ్రింకింగ్”. చదవడం పూర్తయింది: “ఫినిష్డ్ రీడింగ్”. వెళ్ళడం వాయిదా వేశారు: “పోస్ట్‌పోన్డ్ గోయింగ్”. మాట్లాడడం తప్పించుకుంటున్నాడు: “అవాయిడ్స్ టాకింగ్”. “-డంలో”, “-కుండా”, “-ఏ ముందు” వస్తే ఇంగ్లీషులో ప్రిపోజిషన్ ఉంటుంది కనుక మళ్ళీ “ఇంగ్”.

ఇది తప్పే చోట్లు దాచకుండా చెప్పాలి, లేకపోతే పిల్లలు దీన్నే గుడ్డిగా పట్టుకుంటారు.

“తాళం వేయడం మరిచిపోయాను”లో “-డం” ఉంది, కానీ ఇంగ్లీషులో “ఫర్‌గాట్ టు లాక్ ద డోర్”. పని జరగలేదు కదా. “ఫర్‌గాట్ లాకింగ్” అంటే తాళం వేశాను, వేసిన సంగతి మరిచిపోయాను అని. “రిమెంబర్” కూడా అంతే. “రిమెంబర్ టు లాక్” అంటే గుర్తుపెట్టుకుని తాళం వెయ్యి, “ఐ రిమెంబర్ లాకింగ్” అంటే వేసినట్టు గుర్తుంది. మన “-డం”కి కాలం లేదు. ఇంగ్లీషు ఈ క్రియల దగ్గర జరిగిందా, జరగాలా అని తప్పనిసరిగా అడుగుతుంది.

“ఒప్పుకోవడం” ఇంకో ఉచ్చు. “ఇస్తానని ఒప్పుకున్నాడు” అంటే “అగ్రీడ్ టు గివ్”. “తీశానని ఒప్పుకున్నాడు” అంటే “అడ్మిటెడ్ టేకింగ్”. తెలుగు క్రియ ఒక్కటే, ఇంగ్లీషు క్రియలు రెండు. “అని” ముందున్న క్రియ ఏ కాలంలో ఉందో చూడమనండి. భవిష్యత్తు అయితే “టు”, భూతకాలం అయితే “ఇంగ్”. “తీయలేదన్నాడు” కూడా జరిగిన సంగతి గురించే కనుక “డినైడ్ టేకింగ్”.

కాలం సూత్రానికీ లొంగనివి కొన్ని ఉన్నాయి: సజెస్ట్, కన్సిడర్, ఇమాజిన్, రిస్క్. పని ఇంకా జరగకపోయినా “ఇంగ్”నే తీసుకుంటాయి. అటువైపు “మేనేజ్” ఉంది. పని జరిగిపోయినా “మేనేజ్డ్ టు ఓపెన్” అనాలి. “లెర్న్” కూడా “టు” వైపే: ఈదడం నేర్చుకుంది, “లెర్న్‌డ్ టు స్విమ్”. వీటికి బట్టీయే మార్గం. అందుకే పట్టిక ఇవ్వండి, కానీ తోక చూసి చెప్పగలిగినవి దాంట్లోంచి తీసేసి ఇవ్వండి.

బిగిన్, స్టార్ట్, కంటిన్యూ, లైక్, లవ్, హేట్ రెండు రూపాలనూ తీసుకుంటాయి, అర్థంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. “వుడ్ లైక్” మాత్రం “టు”నే అడుగుతుంది.

నాలుగో ప్రశ్న. “హి స్టాప్డ్ స్మోకింగ్” అంటే సిగరెట్ మానేశాడు. “హి స్టాప్డ్ టు స్మోక్” అంటే సిగరెట్ కాల్చడానికి ఆగాడు. మొదటిదానికి ఏమి ఆపాడు అని ప్రశ్న వేస్తే జవాబు వస్తుంది, అంటే “స్మోకింగ్” కర్మ, నామవాచకమే. రెండోదానికి ఎందుకు ఆగాడు అని అడగాలి. అక్కడ “టు స్మోక్” నామవాచకమే కాదు, కారణం చెప్పే క్రియావిశేషణం. ఆగింది నడకో, బండో, మరో పనో. “టు” ఉన్న ప్రతి రూపాన్నీ నామవాచకం కింద రాసేయకూడదని చెప్పడానికి ఈ జంటే వాడండి.

“ట్రై” ఇంకా ముచ్చటైనది. “ట్రై టు ఓపెన్ ద విండో” అంటే తెరవడానికి ప్రయత్నించు, కిటికీ బిగుసుకుపోయి ఉంది. “ట్రై ఓపెనింగ్ ద విండో” అంటే తెరిచి చూడు, ఉక్కపోత తగ్గుతుందేమో. మన “-ఇ చూడు”కు ఇంగ్లీషులో అంత దగ్గరగా వచ్చే మాట ఇంకొకటి లేదు. “రిగ్రెట్ టు ఇన్‌ఫార్మ్” అంటే ఇప్పుడు చెప్పవలసి వస్తున్నందుకు విచారం, “రిగ్రెట్ టెల్లింగ్” అంటే అప్పుడు చెప్పినందుకు పశ్చాత్తాపం. “వెంట్ ఆన్ టాకింగ్” అంటే మాట్లాడుతూనే ఉన్నాడు, “వెంట్ ఆన్ టు టాక్ అబౌట్ మనీ” అంటే ఆ తర్వాత డబ్బు సంగతి ఎత్తాడు.

తెల్లకాగితం

మూడో ప్రశ్నకు చిన్న జవాబు. ఇంగ్లీషులో “టు”లు రెండు. ఒకటి ఇన్ఫినిటివ్ గుర్తు, రెండోది “కు, కి” అర్థం వచ్చే ప్రిపోజిషన్. “లుక్ ఫార్వర్డ్ టు”లో ఉన్నది రెండోది. పరీక్ష ఏమిటంటే, “టు” తర్వాత ఒట్టి నామవాచకం పెట్టి చూడాలి. “లుకింగ్ ఫార్వర్డ్ టు ద హాలిడేస్” నిలబడింది, కాబట్టి క్రియ వస్తే “ఇంగ్” కావాలి: “టు మీటింగ్ యూ”. “వాంట్ టు ద హాలిడేస్” నిలబడదు, కాబట్టి “వాంట్ టు మీట్”.

ఈ జాతిలో తరచూ వచ్చేవి: అబ్జెక్ట్ టు, అకస్టమ్డ్ టు, డివోటెడ్ టు, అడిక్టెడ్ టు, కన్ఫెస్ టు, విత్ ఎ వ్యూ టు. “ప్రిఫర్”కి రెండు ముఖాలున్నాయి. “ప్రిఫర్ వాకింగ్ టు డ్రైవింగ్” ఒకటి, “ప్రిఫర్ టు వాక్ రాదర్ దాన్ డ్రైవ్” ఒకటి. ఒకదాని తల, ఇంకోదాని తోక అతికిస్తే తప్పు.

“యూజ్డ్ టు” విడిగా చెప్పండి. “ఐ యూజ్డ్ టు గెట్ అప్ ఎర్లీ” అంటే ఒకప్పుడు లేచేవాణ్ణి, ఇప్పుడు లేదు. “ఐ యామ్ యూజ్డ్ టు గెటింగ్ అప్ ఎర్లీ” అంటే పెందలాడే లేవడం నాకు అలవాటే. ముందు “యామ్, ఈజ్, ఆర్, వాజ్, గెట్” ఉంటే “ఇంగ్”, లేకపోతే మూలరూపం. వస్తువులకు మాత్రం జాగ్రత్త: “ఎ నైఫ్ ఈజ్ యూజ్డ్ టు కట్”లో “ఈజ్” ఉన్నా అది కర్మణి వాక్యం, అలవాటు కాదు.

పలక_బలపం

అందరికీ ధన్యవాదాలండి. “-డానికి”, “-నందుకు” తేడా నేరుగా నోట్సులోకి ఎక్కించాను. పిల్లల నోటు పుస్తకాల్లో తరచూ కనబడే వాక్యాలు కొన్ని ఇస్తున్నాను. ఒక్కొక్కటి ఎందుకు తప్పో ఒక ముక్కలో చెప్పగలరా? “మై ఫాదర్ మేడ్ మి టు స్టడీ”. “ద డాక్టర్ సజెస్టెడ్ మి టు టేక్ రెస్ట్”. “షి ఈజ్ బిజీ టు కుక్”. “వి వెంట్ టు షాపింగ్”. “ఐ కుడ్ నాట్ హెల్ప్ టు లాఫ్”. ఇంకొకటి, “ఐ డోంట్ లైక్ హి కమింగ్ లేట్” అని రాస్తున్నారు. ఇది “హిజ్” అవ్వాలా, “హిమ్” అవ్వాలా?

మూలరూపం

“మేక్”, “లెట్” తర్వాత “టు” రాదు: “మేడ్ మి స్టడీ”, “లెట్ మి గో”. కానీ కర్మణిలోకి మారగానే “మేక్”కి “టు” తిరిగి వస్తుంది: “ఐ వాజ్ మేడ్ టు స్టడీ”. తప్పు పట్టమనే ప్రశ్నలకు ఇది మంచి సరుకు.

“సజెస్ట్” మనిషిని కర్మగా తీసుకోదు. “సజెస్టెడ్ టేకింగ్ రెస్ట్” లేదా “సజెస్టెడ్ దట్ ఐ టేక్ రెస్ట్”. మనిషిని తప్పక చెప్పాలనుకుంటే క్రియనే మార్చేయండి: “అడ్వైజ్డ్ మి టు టేక్ రెస్ట్”. అడ్వైజ్, అలో, పర్మిట్ మూడింటికీ ఒకటే నడక. మనిషి ఉంటే “టు”, మనిషి లేకపోతే “ఇంగ్”: “దే అలో అజ్ టు పార్క్ హియర్”, “దే అలో పార్కింగ్ హియర్”.

“బిజీ” వెనక నేరుగా “ఇంగ్”: “బిజీ కుకింగ్”. మనం “వంటలో మునిగి ఉంది” అంటాం కాబట్టి “బిజీ ఇన్ కుకింగ్” అని కూడా రాస్తారు. ఆ “ఇన్” అక్కర్లేదు. “స్పెండ్ టైమ్ రీడింగ్”, “హ్యావ్ డిఫికల్టీ బ్రీదింగ్”, “వర్త్ రీడింగ్”, “నో యూజ్ క్రయింగ్” కూడా ఇదే వరస. “గో షాపింగ్”, “గో స్విమ్మింగ్”లో “టు” ఉండదు. సంతకు వెళ్ళాం అన్నప్పటి “-కు”ని అక్కడికి మోసుకెళ్ళడం వల్ల వచ్చే తప్పు అది. “కాంట్ హెల్ప్ లాఫింగ్”లో “హెల్ప్” అంటే సాయం కాదు, ఆపుకోవడం. నవ్వకుండా ఉండలేకపోయాను అని. “అవాయిడ్” అర్థం కాబట్టి “అవాయిడ్” లాగే “ఇంగ్” తీసుకుంది.

కర్తాకర్మ

“హిజ్, హిమ్” సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఆ “హి” ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే మన భాష గురించి కూడా తెలుస్తుంది. తెలుగులో “అతను ఆలస్యంగా రావడం నాకు నచ్చదు” అంటాం. “అతను”, ప్రథమా విభక్తి. “అతని రావడం” అనం. కానీ “రాక” అనగానే “అతని రాక” అయిపోతుంది. అంటే “-డం” తన కర్తను క్రియలాగే ఉంచుకుంటుంది, “రాక” నామవాచకంలాగ షష్ఠి అడుగుతుంది. పిల్లలు ఆ “అతను”ని యథాతథంగా “హి” చేస్తున్నారు. ఇంగ్లీషు జెరండ్ ముందు “హి, షి, దే” మాత్రం కుదరవు.

మిగిలిన రెంటిలో “హిజ్ కమింగ్ లేట్” రాతకు, పరీక్షకు భద్రం. “హిమ్ కమింగ్ లేట్” మాటల్లో మామూలు. 1906లో ఇంగ్లీషు వాడుక మీద పుస్తకం రాసిన ఫౌలర్ సోదరులు ఈ “హిమ్” వాడకానికి “ఫ్యూజ్డ్ పార్టిసిపుల్” అని పేరు పెట్టి తప్పుపట్టారు, తర్వాత భాషావేత్త యెస్పర్సన్ దాన్ని సమర్థించారు. ఈనాటి రాతలో రెండూ కనిపిస్తాయి. వాక్యం మొదట్లో కర్తగా వస్తే మాత్రం “హిజ్” పెట్టించండి: “హిజ్ కమింగ్ లేట్ అప్‌సెట్ ఎవ్రీవన్”. ప్రాణం లేని వస్తువులకు, పొడవాటి పేర్లకు షష్ఠి పెట్టకండి: “ద ఛాన్స్ ఆఫ్ ద ట్రెయిన్ బీయింగ్ లేట్” చాలు. “ఐ సా హిమ్ కమింగ్” వేరు. చూడడం, వినడం లాంటి క్రియల తర్వాత వచ్చేది జెరండ్ కాదు, అక్కడ “హిజ్” పెడితే తప్పు.

“మైండ్” దగ్గర ఈ షష్ఠి అర్థాన్నే మార్చేస్తుంది. “డు యూ మైండ్ ఓపెనింగ్ ద డోర్?” అంటే కాస్త తలుపు తీస్తారా అని, తీయాల్సింది ఎదుటివాళ్ళు. “డు యూ మైండ్ మై ఓపెనింగ్ ద డోర్?” అంటే నేను తీస్తే మీకేమైనా అభ్యంతరమా అని. రెంటికీ సరే అని చెప్పాలంటే జవాబు “నో” లేదా “నాట్ ఎట్ ఆల్”; “యెస్” అంటే అభ్యంతరం ఉందని.

పలక_బలపం

“అతను రావడం”, “అతని రాక” జంటతోనే పాఠం మొదలుపెడుతున్నాను. జెరండ్ అనే పేరు బోర్డు మీద రాసేది ఆ తర్వాతే.